ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఫ్లూ ఎందుకు ప్రమాదం? - నూరేళ్ళ క్యాంపుల కథ

2014 జనవరిలో మేము గల్ఫ్‌లో ఒక లేబర్ క్యాంపులో ఉండేవాళ్ళం. రూముకు ఎనిమిది మంది, ఒకరి మీద ఒకరు పడుకునే ఇనుప మంచాలు, తెరవని కిటికీ, రాత్రంతా తిరిగే ఏసీ. ఆ నెలలో మా బ్లాకుకు జ్వరం వచ్చింది. ఒకరికి వస్తే మూడు రోజుల్లో రూమంతా దగ్గింది. మా రూములో అందరికంటే పెద్దాయనను జగిత్యాల అన్న అని పిలిచేవాళ్ళం. ఆయనకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పఫ్ పీల్చేది ఎవరికీ కనపడకుండా బాత్రూములో పీల్చేవాడు. సూపర్‌వైజర్ చూస్తే అన్‌ఫిట్ అని రాసి పంపేస్తాడేమోనని భయం.

జ్వరంతోనే మూడు రోజులు డ్యూటీకి పోయాడు. వద్దంటే, "సర్దే గదన్నా, రేపటికి తగ్గుతది" అనేవాడు. నాలుగో రాత్రి మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి ఊపిరి లాగుతున్నాడు. పేరు అడిగితే ఒక్క మాటలో చెప్పలేకపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌తో గొడవపడి టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయాం. బతికాడు. కానీ తర్వాత ఆరు నెలలు రెండో అంతస్తు మెట్లు ఒక్క దమ్ములో ఎక్కలేకపోయాడు.

మాకూ అదే జ్వరం వచ్చింది. మాకు నాలుగు రోజుల్లో పోయింది, ఆయన ఊపిరితిత్తులను మాత్రం అంత దెబ్బ ఎందుకు కొట్టింది? ఈ ప్రశ్న మాకు చాలా కాలం మిగిలిపోయింది. మేము చదివింది ఇంటర్ వరకే. ఇప్పుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రం నోవై అనే ఊళ్ళో ఆఫీసుల్లో బిల్లులు, ఎంట్రీలు చూసుకునే గుమాస్తాలం. డాక్టర్లం కాము. అయితే ఇక్కడికి వచ్చాక ఒక సంగతి తెలిసింది. ఫ్లూ టీకా పుట్టిన చోటు మా ఊరికి కారులో అరగంట దూరం. ఆ కథ వెంటపడి చదువుతూ పోతే మా ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. క్యాంపుల్లో ఉన్న మన వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు 1918 సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. అమెరికాలో ఎక్కడ చూసినా సైనిక క్యాంపులు కట్టారు. మా మిషిగన్‌లో బ్యాటిల్ క్రీక్ ఊరి దగ్గర కట్టిన దాని పేరు క్యాంప్ కస్టర్. పొలాల నుంచి, డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల నుంచి కుర్రవాళ్ళను తెచ్చి బ్యారక్‌లలో పక్కపక్కన మంచాలేసి పడుకోబెట్టారు. ఆ శరత్కాలంలో ఫ్లూ ఆ క్యాంపులోకి దూరింది. కొద్ది వారాల్లో వేలమంది పడకేశారు, వందలమంది పోయారు. అక్టోబరు 19న మిషిగన్ గవర్నర్ ఆల్బర్ట్ స్లీపర్ రాష్ట్రమంతటా చర్చిలు, సినిమా హాళ్ళు, సభలు మూసేయమని ఆర్డరు ఇచ్చాడు. మన కాలంలో 2020లో చూసిన లాక్‌డౌన్‌కు అది తాత లాంటిది.

అప్పటి సైనిక డాక్టర్లకు ఫ్లూ వైరస్ వల్ల వస్తుందని తెలియదు. ఫ్లూ ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుందనే చాలామంది నమ్మకం. అయినా కంటితో చూసి ఒకటి పట్టుకున్నారు. మంచాలు దగ్గరగా ఉన్నచోట జబ్బు ఎక్కువ. అందుకని మంచానికీ మంచానికీ మధ్య దుప్పట్లు వేలాడదీశారు. ఒకరి తల అటు పెడితే పక్కవాడి తల ఇటు పెట్టించారు. దగ్గు నేరుగా మొహం మీద పడకుండా ఉండటానికి చేసిన ఉపాయం అది. రూపాయి ఖర్చు లేదు. నూరేళ్ళ తర్వాత మేము ఉన్న క్యాంపులో ఎనిమిది తలలూ ఒకే గోడ వైపు ఉండేవి, ఎందుకంటే ఫోన్ ఛార్జింగు ప్లగ్గులన్నీ ఆ గోడకే ఉన్నాయి.

మన దేశానికి అదే ఏడాది జూన్‌లో బొంబాయి రేవు ద్వారా వచ్చింది. అందుకే చాలాచోట్ల బొంబాయి జ్వరం అన్నారు. వానాకాలం తర్వాత వచ్చిన రెండో విడత భయంకరం. దేశం మొత్తం మీద ఒక కోటీ 20 లక్షల నుంచి రెండు కోట్ల దాకా చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. ప్రపంచంలో ఏ దేశంలోనూ అంతమంది పోలేదు. నిజాం రాజ్యంలో 1911 జనాభా లెక్కల్లో ఒక కోటీ 33 లక్షలు ఉన్న జనం 1921 నాటికి ఒక కోటీ 24 లక్షలకు తగ్గారు. ఫ్లూ ఒక్కటే కాదు, కరువు, ప్లేగు కూడా కలిశాయి. కానీ పదేళ్ళలో జనం పెరగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గడమంటే ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయో ఊహించుకోవచ్చు. మా తాతల తాతలు ఎవరూ దీని గురించి చెప్పినట్టు మా ఇళ్ళల్లో గుర్తు లేదు. చెప్పడానికి మిగిలినవాళ్ళు తక్కువేమో.

ఇంతకీ 1918లో చంపింది ఏమిటి? అప్పుడు భద్రపరచిన ఊపిరితిత్తుల ముక్కలను అమెరికా శాస్త్రవేత్తలు మళ్ళీ పరీక్షించి 2008లో చెప్పిన సంగతి ఇది. చాలామందిని చంపింది ఫ్లూ వైరస్ ఒక్కటే కాదు, దాని వెనక వచ్చిన నెమ్ము, అంటే న్యుమోనియా. మన శ్వాసనాళాల లోపల ఒక మెత్తని పొర ఉంటుంది. దాని మీద సన్నని నూగు లాంటి వెంట్రుకలు ఉండి దుమ్మును, కఫాన్ని పైకి ఊడ్చేస్తుంటాయి. ఫ్లూ వైరస్ ఆ పొర కణాల్లోకే దూరి వాటిని చంపుతుంది. గోడకు సున్నం రాలినట్టు పొర రాలిపోతుంది. ఊడ్చేవాళ్ళు లేని ఇంట్లో చెత్త చేరినట్టు, మామూలుగా గొంతులో ఊరుకుండే బ్యాక్టీరియా కిందికి దిగి నెమ్ము తెస్తుంది. ఆ రోజుల్లో యాంటీబయాటిక్ మందులు లేవు.

అవి వచ్చిన చరిత్రలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్నప్పుడే అక్కడ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. 1948లో ఆ మందు బయటికి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ రకం మందులన్నిటికీ అది పెద్దన్న. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. యాంటీబయాటిక్ వెనకొచ్చే బ్యాక్టీరియాను చంపుతుంది గానీ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయలేదు. క్యాంపులో జ్వరం రాగానే ఎవరి దగ్గరో మిగిలిన గోళీలు రెండు మింగడం వల్ల లాభం లేదు.

ఇక మా అరగంట దూరం కథ. 1933లో ఇంగ్లండులో ముగ్గురు శాస్త్రవేత్తలు ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువుల ద్వారా మనుషుల ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నారు. మరుసటి ఏడాది అమెరికాలో థామస్ ఫ్రాన్సిస్ అనే డాక్టరు ప్యూర్టోరికోలో రోగుల నుంచి దాన్ని వేరు చేశారు. 1940లో ఇంకో రకం కనిపెట్టి బి రకం అన్నారు. 1941లో ఆయన ఇక్కడ యాన్ ఆర్బర్ ఊళ్ళో మిషిగన్ యూనివర్సిటీకి వచ్చారు. మరుసటి ఏడాది ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్ర డాక్టరు పేరు జోనస్ సాక్. తర్వాత పోలియో టీకాతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఆయనే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మళ్ళీ 1918 వస్తే సైన్యం కూలిపోతుందని ప్రభుత్వానికి భయం. డబ్బు సైన్యం ఇచ్చింది. కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, ఫార్మలిన్‌తో చంపి, ఆ చచ్చిన వైరస్‌తో టీకా చేశారు.

దాన్ని ఎవరి మీద పరీక్షించారు? ఇక్కడ కథలో మాకు నచ్చని భాగం ఉంది, దాచడం మాకు ఇష్టం లేదు. 1942లో యిప్సిలాంటి దగ్గర ఉన్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఉన్న మగ రోగులకు ఈ టీకా ఇచ్చి, కొన్ని నెలల తర్వాత వాళ్ళ ముక్కుల్లోకి బతికున్న ఫ్లూ వైరస్‌ను చల్లారు. వాళ్ళలో కొందరు తమకు ఏమవుతుందో కూడా చెప్పుకోలేని స్థితిలో ఉన్నారు. కాదనే శక్తి లేని వాళ్ళనే ఎందుకు ఎంచుకున్నారంటే, కాదనలేరు కాబట్టే అని మాకు అనిపిస్తుంది. తర్వాతి రోజుల్లో అమెరికాలోనే ఇలాంటి పద్ధతులను తప్పుపట్టి చట్టాలు తెచ్చారు. ఆ ఆసుపత్రి 1991లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు టయోటా కార్ల కంపెనీ పరిశోధన కేంద్రం ఉంది. ఆ దారిన పోతే పచ్చిక, పార్కింగ్ తప్ప ఏమీ కనపడదు.

1943లో పెద్ద పరీక్ష జరిగింది. యూనివర్సిటీల్లో శిక్షణలో ఉన్న సుమారు 12,500 మంది సైనిక విద్యార్థుల్లో సగానికి టీకా, సగానికి ఉత్తి సూది. ఆ చలికాలంలో ఫ్లూ వచ్చింది. ఉత్తి సూది వేసుకున్నవాళ్ళలో నూటికి ఏడుగురు పడకేస్తే టీకా వేసుకున్నవాళ్ళలో నూటికి ఇద్దరే. 1945లో సైన్యానికి, ఆ వెంటనే మామూలు జనానికి టీకా వచ్చింది. అందరూ సంబరపడుతుండగా 1947లో అదే టీకా పనిచేయలేదు. వైరస్ వేషం మార్చుకుంది. ఏడాదికోసారి కొత్త టీకా ఎందుకు వేసుకోవాలో అప్పుడు తెలిసింది. "పోయినేడు వేసుకున్నాం గదా" అనేవాళ్ళకు 1947 చాలు.

వేషం పూర్తిగా మార్చిన ఏడాది 1957. అది వలస కూలీల కథ కూడా. మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్, సింగపూర్‌కు ఎస్.ఎస్. రజులా అనే ఓడ తిరిగేది. పనుల కోసం మలయా పోయే దక్షిణాది వాళ్ళకు అదే దారి. మే నెలలో సింగపూర్ వైపు నుంచి వస్తున్న ఆ ఓడలో జ్వరాలు మొదలయ్యాయి. మద్రాసు రేవులో దిగాక కొద్ది వారాల్లో దేశమంతా పాకింది. మరుసటి ఫిబ్రవరి దాకా లెక్కకు వచ్చిన కేసులే 44 లక్షలకు పైగా, మరణాలు సుమారు 1,100. జబ్బును కూలీలు తెచ్చారని అనడం తేలిక. కానీ డెక్కు మీద చాపలేసుకుని ఒకరి పక్కన ఒకరు పడుకునే టికెట్టు అమ్మింది కూలీలు కాదు.

ఇంతవరకూ ఉబ్బసం మాట రాలేదేమని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. చాలాకాలం డాక్టర్లు ఫ్లూను ఒకవైపు, ఉబ్బసాన్ని ఒకవైపు చూశారు. ఉబ్బసం మనసుకు సంబంధించిన జబ్బని, నరాల బలహీనతని గత శతాబ్దం సగం దాకా అమెరికా డాక్టర్లే చాలామంది అనేవారు. చేతిలో పట్టే పఫ్ వచ్చింది 1956లో. ఒక మందుల కంపెనీ పెద్దకు ఉబ్బసం ఉన్న కూతురుంది. తలకు కొట్టుకునే స్ప్రేలా నా మందు ఎందుకు రాదు అని ఆ పిల్ల అడిగిందట, అందులోంచి పుట్టింది. మన అస్థాలిన్‌లో ఉండే సాల్బుటమాల్ 1969లో, రోజూ పీల్చే స్టిరాయిడ్ పఫ్ 1972లో వచ్చాయి.

రెండూ కలిసి కళ్ళు తెరిపించింది 2009. ఆ ఏప్రిల్‌లో మెక్సికో, కాలిఫోర్నియాలలో స్వైన్ ఫ్లూ కనపడింది. మన దేశంలో పరీక్షలో తేలిన మొదటి కేసు ఎక్కడో తెలుసా? హైదరాబాదులో. అమెరికా నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన 23 ఏళ్ళ కుర్రాడికి మే 16న ఖాయమైంది. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఉంచి బాగుచేసి పంపారు. మన దారే, మన విమానాలే.

అదే సమయంలో అమెరికాలో ఆసుపత్రుల పాలైన మొదటి 272 మంది రోగుల వివరాలు చూశారు. వాళ్ళలో నూటికి 28 మందికి ఉబ్బసం ఉంది. మామూలు జనంలో నూటికి ఎనిమిది మందికే ఉంటుంది. అంటే ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆసుపత్రి మెట్లు ఎక్కింది వాళ్ళ వంతు కంటే మూడు రెట్లు ఎక్కువ. జగిత్యాల అన్న ఒక్కడి దురదృష్టం కాదన్నమాట.

ఎందుకలా? మాకు అర్థమైనంతలో ఇది. ఉబ్బసం ఉన్నవాడి శ్వాసనాళాలు జబ్బు లేని రోజు కూడా కాస్త వాచే ఉంటాయి. చుట్టూ ఉన్న సన్నని కండరాలు చిన్న కారణానికే బిగుసుకుంటాయి. ఇందాక చెప్పిన లోపలి పొర ముందే బలహీనం. వైరస్ రాగానే దాన్ని ఆపడానికి శరీరం వదిలే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం కొందరు ఉబ్బస రోగుల్లో తక్కువగా, ఆలస్యంగా తయారవుతుందని కొన్ని పరిశోధనల్లో తేలింది. వైరస్‌కు సందు దొరుకుతుంది. పొర రాలితే లోపలి నరాల కొసలు బయటపడి దగ్గు, బిగుతు పెరుగుతాయి. వాపు కణాలు గుంపుగా చేరతాయి. కఫం జిగురులా మారి సన్న గొట్టాలను బిరడా వేసినట్టు మూస్తుంది. మాకు జ్వరంతో గొట్టం కాస్త ఇరుకైతే ఆయనకు ముందే ఇరుకుగా ఉన్న గొట్టం మూసుకుపోయింది. పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోతే తగ్గిందనుకోకూడదు, గాలే ఆడటం లేదన్నమాట కావచ్చు.

జ్వరం పోయినంత మాత్రాన పని అయిపోదు. రాలిన పొర మళ్ళీ పెరగడానికి వారాలు పడుతుంది. ఇలాంటి పెద్ద దెబ్బలు మళ్ళీ మళ్ళీ తగిలితే గొట్టాల గోడలు దళసరి అవుతాయి, మచ్చ కట్టినట్టు గట్టిపడతాయి, ఊపిరి బలం ఏటేటా మామూలు కంటే వేగంగా తగ్గుతుంది. అన్న ఆరు నెలల మెట్ల బాధ అదే.

2009-10లో ఇంగ్లండు ఆసుపత్రుల లెక్కల్లో ఇంకో సంగతి తేలింది, మాకు ధైర్యం ఇచ్చింది అదే. ఆసుపత్రిలో చేరిన ఉబ్బస రోగులు మిగతా రోగుల కంటే తక్కువగా చనిపోయారు. కారణాలు వెతికితే రెండు కనిపించాయి. ముందు నుంచీ స్టిరాయిడ్ పఫ్ పీలుస్తూ ఉండటం, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావడం. అన్న ఈ రెండూ చేయలేదు. స్టిరాయిడ్ పఫ్ కొనడం మానేసి నీలం పఫ్ ఒక్కటే దాచుకున్నాడు. నీలం పఫ్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, వాపును తగ్గించదు. పఫ్ అలవాటైతే వదలదని ఊళ్ళో ఎవరో చెప్పిన మాట ఆయన తలలో ఉండిపోయింది. మృగశిర కార్తె రోజు హైదరాబాదులో బత్తిని వారు కొర్రమీను పిల్లతో ఇచ్చే చేప ప్రసాదం ఆయన మూడేళ్ళు వరుసగా తీసుకున్నాడు. నమ్మకంతో తీసుకునే వాళ్ళను మేము తప్పుపట్టం, మా ఇళ్ళల్లోనూ తీసుకున్నారు. దాన్ని నమ్ముకుని పఫ్ పక్కన పెట్టడమే కొంప ముంచుతుంది.

ఫ్లూకు నేరుగా పనిచేసే మందు కూడా ఉంది. ఒసెల్టామివిర్ అంటారు, టామీఫ్లూ పేరుతో వచ్చింది. 2005 డిసెంబరులో విదేశీ కంపెనీ నుంచి అనుమతి తీసుకుని మన హైదరాబాదు హెటిరో కంపెనీ ఫ్లూవిర్ పేరుతో దీన్ని చేసింది. జ్వరం మొదలైన 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు అందుకే మూడు రోజులు చూద్దామని ఆగకూడదు. డాక్టరు దగ్గరికి పోగానే మొదటి మాటగా ఉబ్బసం ఉందని చెప్పాలి. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి మాత్రలు కొందరు ఉబ్బస రోగులకు ఊపిరి బిగదీస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ మేలు. ఒక వాక్యం ఒక్క దమ్ములో చెప్పలేకపోయినా, పఫ్ పీల్చాక కాసేపటికే మళ్ళీ కావాల్సి వచ్చినా, పెదాలు నల్లబడినా ఇక డ్యూటీ మాట మరిచి అంబులెన్స్ పిలవాల్సిందే.

నోవైలో అక్టోబరు వస్తే మందుల షాపు ముందే టీకా బోర్డు పెడతారు. మేము ఆఫీసు అయ్యాక పోయి వేయించుకుంటాం. చెయ్యి ఒకరోజు నొప్పి, కొందరికి కాస్త వెచ్చదనం, అంతే. అందులో ఉండేది చచ్చిన వైరస్, అది ఫ్లూ తేలేదు. ముక్కులో కొట్టే రకం టీకా కూడా ఉంది గానీ అందులో వైరస్ బతికే ఉంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళు సూది టీకానే అడగాలి. టీకా వేసుకుంటే ఫ్లూ అసలే రాదని కాదు, 1943లో కూడా నూటికి ఇద్దరికి వచ్చింది. మీ క్యాంపు క్లినిక్‌లో చలికాలానికి ముందే అడిగి చూడండి. ఇవ్వకపోతే పదిమంది కలిసి అడగండి.

జగిత్యాల అన్న ఇప్పుడు ఊళ్ళోనే కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఏటా అక్టోబరులో ఫోన్ చేసి టీకా వేయించుకున్నావా అన్నా అని అడుగుతాం. కిందటిసారి చేసినప్పుడు పెద్దకొడుకు కువైట్ పోతున్నాడని చెప్పాడు. వాడికీ చిన్నప్పటి నుంచి పిల్లికూతలు ఉన్నాయి. బ్యాగులో రెండు రకాల పఫ్‌లూ పెట్టాడట, బాత్రూములో దాక్కుని పీల్చొద్దని చెప్పాడట. ఎయిర్‌పోర్టులో మందులు ఆపితే చూపడానికి డాక్టరు చీటీ కూడా పెట్టాడో లేదో అడగడం మరిచిపోయాం. ఈ ఆదివారం మళ్ళీ ఫోన్ చేయాలి.